ఎక్కువ వినే మైకు

నేను ఒక మైకును. సభల్లో నాయకుల నోటి ముందు నిలబడి కీచుమని అరిచే జాతి కాదు నాది. నా ముందుకు వచ్చేవాళ్ళు తలుపులు వేసి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి వస్తారు. నాలోపల ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి ఉంది. దానికి బంగారు పూత కూడా ఉంది గానీ, ఆ గొప్ప నాకు ఎన్నడూ అచ్చిరాలేదు. కరెంటు ఇచ్చినంతసేపే నాకు చెవి. తీసేస్తే నేనొక ఇనప డబ్బాను. కళ్ళు మొదటినుంచీ లేవు. కాబట్టి నేను చెప్పబోయేదంతా విన్నదే, చూసింది ఒక్కటీ లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇన్నేళ్ళూ లోకువగా విన్నాను, ఈ ఒక్కసారికి మీరు వినండి.

నన్ను తయారుచేసిన చోట ఒక అమ్మాయి వరసగా మైకులన్నిటి ముందూ చిటిక వేసి చూసేది. నా ముందు వేసింది, ఆగింది, మళ్ళీ వేసింది. ఏదో గొణుక్కుంటూ నన్ను పక్కన పెట్టింది. అవసరానికి మించి వింటున్నానట. సాయంత్రం ఇంకెవరో వచ్చి, ఈ మాత్రానికే పారేస్తామా అన్నట్టు నన్ను కూడా పెట్టెలో సర్దేశారు. అప్పుడు అంటుకున్న పేరు ఇప్పటికీ వదల్లేదు.

మొదట నేను చేరింది హైదరాబాదులో సీరియళ్ళకు గొంతులు అరువిచ్చే ఒక గదికి. అక్కడ ఎక్కువకాలం నిలవలేదు. కథానాయకుడు తల్లి శవం ముందు ఏడ్చే ఘట్టంలో, గొంతు ఇస్తున్న మనిషి కడుపు గుర్రుమని అరిచింది. పాపం, పొద్దున్నుంచి టీ నీళ్ళతో ఉన్నాడు. ఏడుపుతో పాటు దాన్నీ విన్నాను. ఆకలైనవాడి కడుపు అరిస్తే తప్పు నాదెలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ మర్నాడే నన్ను అమ్మకానికి పెట్టారు.

కొన్నవాడు కరీంనగర్‌లో రక్తపరీక్షలు చేసే రాజలింగం. పగలు ఊరివాళ్ళ వేళ్ళకు సూదులు గుచ్చుతాడు, సాయంత్రం వయొలిన్ వాయిస్తాడు. వాయించడం బాగానే ఉంటుంది. కానీ అతని అసలు ప్రేమ మైకుల మీద. గోడలకు బొంతలు వేలాడదీసి ఒక గది కట్టుకున్నాడు. అందులో నేను చేరేసరికే నాలాంటివి ఏడు ఉన్నాయి. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఇతనికైతే ఎనిమిదో రోకలిని నేను.

ఇలాంటివాళ్ళు ఒక్కరే ఉంటారనుకోకండి. నలభై మంది కలిసి ఫోనులో ఒక గుంపు పెట్టుకున్నారు. బడి పంతుళ్ళు, బ్యాంకువాళ్ళు, మందుల షాపువాళ్ళు. ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు ఒకే స్వరాన్ని మూడు మైకుల్లో పాడి, పేర్లు చెప్పకుండా ఒకటి, రెండు, మూడు అని పంపేవారు. మిగతావాళ్ళు విని తీర్పులు చెప్పేవారు. ఒక ఆదివారం రాజలింగం తొందరలో ఒకే ముక్కను మూడుసార్లు పంపేశాడు. రెండోదానిలో గొంతు వెచ్చగా ఉందని పదిహేను మంది రాశారు. మూడోది కాస్త రేకుడబ్బాలా ఉందని ఒక పెద్దమనిషి వివరంగా రాశాడు. నిజం చెబితే గుంపు చెదిరిపోతుందని రాజలింగం ఆ రహస్యాన్ని నా ముందు మాత్రమే చెప్పుకుని నవ్వుకున్నాడు.

ఆ నలభై మందిలోనుంచి ముగ్గురు పక్కకు వచ్చారు. మైకుల్ని పోల్చింది చాలు, వాటితో ఒక పాటైనా చేద్దామన్నారు. వయొలిన్‌కు రాజలింగం. పాటకు ప్రొద్దుటూరు పోస్టాఫీసులో పనిచేసే ఓబుళేశ్వరి. చిన్నప్పుడు ఆరేళ్ళు సంగీతం నేర్చుకుని, పెళ్ళయ్యాక మూలకు పెట్టి, నలభై దాటాక మళ్ళీ దులుపుకుని పాడుతున్న మనిషి ఆమె. మృదంగానికి భీమిలిలో ఉండే నూకరాజు. ఆయన ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు కంప్రెసర్ల పక్కన నిలబడి పనిచేశాడు. సెలవు దొరికినప్పుడల్లా ఒక హరిదాసు గారి వెనక మృదంగం వాయించాడు. దాసుగారు పోయారు, ఉద్యోగమూ అయిపోయింది, మృదంగం మిగిలింది.

ముగ్గురూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. మూడు ఊళ్ళు, మూడు యాసలు. ఫోనులో మాట చేరడానికి పట్టే కాస్త ఆలస్యం మాటలకు అడ్డం రాదు, తాళానికి వస్తుంది. అందుకని ముగ్గురూ ఒకేసారి వాయించడం కుదరదు. ఒకరు తమ వంతు మైకులో పట్టి పంపితే, రెండోవారు దాన్ని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వింటూ తమది పట్టాలి. అన్నిటినీ కలిపి అతికే పని రాజలింగానిది.

నా బాధ ఇక్కడే మొదలైంది. హెడ్‌ఫోన్లలో మోగేది పెట్టుకున్నవాళ్ళకే వినబడుతుంది. నా దాకా వచ్చేది నా ముందున్న మనిషి చేసే చప్పుడు ఒక్కటే. రాజలింగం గదిలో నేను విన్నది ఒంటరి వయొలిన్. అది ఎవరికో జవాబు చెబుతున్నట్టు మధ్య మధ్యలో ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది. ఎవరికి చెబుతోందో నాకు తెలియదు. విస్తట్లో చారు మాత్రమే వడ్డించి భోజనం ఎలా ఉందని అడిగినట్టు ఉండేది. ఆ పాట మొత్తం ఎలా ఉంటుందో వినాలన్న కోరిక నాకు అప్పుడే పుట్టింది.

తర్వాత నన్ను తువ్వాలులో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, బస్సు పార్సిలులో ప్రొద్దుటూరు పంపారు. ఓబుళేశ్వరి ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే చోటు ఒక్కటే, చీరల బీరువా. తలుపులు బార్లా తీసి, నన్ను చీరల మధ్య నిలబెట్టి, చీరలకేసి పాడేది. మంచి గొంతు. పై స్థాయిలో కాస్త వణుకుతుంది, ఆ వణుకు నాకు ఇష్టం. రాజలింగం కట్టిన వరసకు మాటలు ఆమే రాసుకుంది. "ఈ గట్టునుంచి పిలిచాను, ఆ గట్టున వినబడిందా" అని మొదలవుతుంది.

పట్టింది పంపగానే రాజలింగం ఫోను చేశాడు.

"అక్కా, నీ గొంతు మంచిగనే పడ్డది. గని నడుమ నడుమ ధబ్బు ధబ్బుమని ఏందో వస్తుంది. గాజుల చప్పుడు గూడ ఉన్నది."

"అది నా చెయ్యి. తొడమీద తాళం వేసుకుంటా. మా అయ్యవారు అట్లనే నేర్పినాడు."

"చెయ్యి పెట్టకుంట పాడరాదా?"

"చూస్తాలే. చెయ్యి నా మాట వినాల గదా."

గాజులు తీసింది. ఒళ్ళో దిండు పెట్టుకుంది. చెయ్యిని కూర్చున్న చాప కిందికి కూడా తోసింది. చెయ్యి ఆగితే పాట జారిపోయేది. మొదటి చరణం నింపాదిగా నడిచేది, రెండో చరణానికి బస్సు తప్పిపోతున్నదానిలా పరుగెత్తేది. చివరికి ముగ్గురూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ముందు నూకరాజు మృదంగం పట్టి పంపాలి. దాన్ని చెవిలో వింటూ ఓబుళేశ్వరి చెయ్యి కదపకుండా పాడాలి. ఆఖరున వయొలిన్. ఆమెకు ఇంకో మైకు వచ్చింది. అది తన మూతి ముందున్నది తప్ప ఇంకేమీ వినని బుద్ధిమంతురాలు. ఎక్కువ వినే నన్ను, మృదంగానికైతే పనికొస్తుందేమోనని భీమిలి పంపించారు.

నూకరాజు గదిలో సముద్రం వినబడుతుంది. కిటికీ వేసినా వినబడుతుంది, నాకైతే. ఆయన హెడ్‌ఫోన్లలో లయ చెప్పే ఒక యంత్రం టిక్కు టిక్కుమంటూ ఉంటే దానికి సరిగ్గా వాయించి పంపాలి. పాట ఉండదు. రాబోయే పాటను ఊహించుకుని, ఇక్కడ ఆమె ఊపిరి తీసుకుంటుంది, ఇక్కడ మాట సాగదీస్తుంది అనుకుంటూ వాయించాలి. పాట వెనక దరువు నడవాలని ఈ దేశంలో అందరికీ తెలుసు. వీళ్ళ దగ్గర దరువు ముందు నడిచి పాట వెనక వచ్చేది. ఏడాదిన్నరపాటు అలాగే తొమ్మిది పాటలు చేశారు. గుంపులో అందరూ మెచ్చుకున్నారు. నూకరాజు మాత్రం వాయించడం ముగిశాక ప్రతిసారీ మృదంగం మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం కూడా నేను విన్నాను.

ఒకనాడు ఫోనులో ఓబుళేశ్వరితో అన్నాడు. "పెళ్ళికూతురు నేకండా పల్లకీ మోస్తన్నట్టుంది సెల్లమ్మా. బరువే నేదు. మా దాసుగోరు పాడితే ఆయన ఊపిరి సూసి వాయించీవోడిని. ఒకపాలి నీ పాట ఎనకాల నడవాలనుంది."

"నడుస్తావులే అన్నా, ఈ పాట అయిపోనీ" అంది ఆమె. మనుషులు వాయిదా వేసేటప్పుడు ఇలాగే మెత్తగా మాట్లాడతారు.

పదో పాట దగ్గర తాళం తప్పడం మొదలైంది. నూకరాజు పంపిన మృదంగం మొదట సరిగ్గా ఉండి, పోనుపోను ఒక వెంట్రుకవాసి వెనకబడేది. రాజలింగం తప్పు కంప్యూటరుదన్నాడు. తర్వాత తీగదన్నాడు. తర్వాత ఇంకేముంది, నాదన్నాడు. నన్ను డబ్బాలో పెట్టించి ఇంకో మైకు పంపాడు, అదీ అంతే. మూడోది పంపాడు. నలభై మంది తలా ఒక చిట్కా రాశారు. నెల గడిచింది. ఇంతమంది శబ్దశాస్త్రజ్ఞుల్లో ఒక్కరూ వాయించే మనిషి చెవుల గురించి అడగలేదు. నొప్పి ఒకచోట ఉంటే పట్టు ఇంకోచోట వేశారు.

నాకు ముందే తెలుసు. భార్య వంటింట్లోంచి పిలిస్తే మునుపు "ఆఁ" అనేవాడు. తర్వాత "ఏటీ?" అనసాగాడు. తర్వాత ఆమే గదిలోకి వచ్చి చెప్పసాగింది. ఆ యంత్రం టిక్కు సన్నటి చప్పుడు. ముప్పై ఏళ్ళ కంప్రెసర్లు ఆయన చెవుల్లోంచి ముందుగా సన్నటి చప్పుళ్ళనే తినేశాయి. పిచ్చుకలు పోయాయి, గజ్జెలు పోయాయి, టిక్కు పోయింది. లావు చప్పుళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. ఎవరికైనా చెబుదామంటే నాకు నోరు పెట్టలేదు ఆ ఫ్యాక్టరీవాళ్ళు.

మళ్ళీ నా వంతు వచ్చి కరెంటు ఇచ్చిన రోజు, నూకరాజే ఇద్దరినీ ఫోనులోకి పిలిచి గట్టిగట్టిగా చెప్పాడు. తన గొంతు తనకు వినబడనివాళ్ళు అలాగే మాట్లాడతారు.

"మైకులు మార్సకండి. నాకే ఇనబడ్డం నేదు. డాక్టరుగోరు సెవిలో పెట్టుకోడానికి మిషను ఇచ్చారు గానీ, దాంతో మృదంగం రేకు మీద గోళీలు పోసినట్టుంటాది. ఈ ఏడు గడుస్తే మిగిలిందీ ఉండదన్నారు." మృదంగాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. "సెల్లమ్మా, నాకింకేటీ అక్కర్నేదు. నువ్వు ముందు పాడి పంపు. నేను ఎనకాల వాయిస్తాను. ఒకపాలే."

రాజలింగం మెల్లగా అన్నాడు. "కాకా, ముందుగాల చెప్పరాదే."

"సెప్తే మానిపించేత్తారని బయమేసింది" అన్నాడు నూకరాజు. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. నాలోని పొర తడిస్తే పాడైపోతుంది కాబట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాత రెండు వారాలు ఓబుళేశ్వరి బుద్ధిమంతురాలైన ఆ కొత్త మైకు ముందు, దిండు పెట్టుకుని, చెయ్యి కదపకుండా పాడింది. పదకొండుసార్లు పాడింది. పదకొండుసార్లూ పాట జారింది. ఆ సంగతి నాకు ఆమె నోటినుంచే తెలిసింది. ఒక పొద్దున ఆమె భీమిలికి ఫోను చేసి నూకరాజు భార్యతో చెబుతుంటే విన్నాను.

"వదినా, ఆ పాత మైకు నాకు పంపించు. ఎక్కువ వింటాది అని తిట్టినామే, అదే."

నేను మళ్ళీ బిస్కెట్ల డబ్బాలో ప్రొద్దుటూరు చేరాను. బీరువా తలుపులు తెరుచుకున్నాయి. పాత చీరల మధ్య కొత్త చీరలు నాలుగు చేరినట్టున్నాయి, గది ఇంకా మెత్తగా వినిపించింది. దిండు లేదు. గాజులు వేసుకుని కూర్చుంది. ఒకసారి గొంతు సవరించుకుని, నా ద్వారా నూకరాజుతో అన్నట్టు అంది.

"అన్నా, ఈసారి చెయ్యి ఆపను."

తొడమీద చెయ్యి పడింది. ఒకటి, రెండు, మూడు. అప్పుడు, మొదట్లో నా ముందు పాడిన ఆ పాటే మళ్ళీ అందుకుంది. ఈ గట్టునుంచి పిలిచాను, ఆ గట్టున వినబడిందా. ఎక్కడా జారలేదు. చెయ్యి నడుస్తూ ఉంటే పాట దాని భుజం మీద కూర్చున్న పసిదానిలా ధైర్యంగా చుట్టూ చూసింది. పై స్థాయిలో వణుకు వచ్చింది, దాన్నీ విన్నాను. పాట అయిపోయింది.

కానీ చెయ్యి ఆగలేదు. పాట లేదు, మాట లేదు, చెయ్యి మాత్రం ధబ్బు ధబ్బుమని వేస్తూనే ఉంది. గాజులు గలగలమంటున్నాయి. ఆపడం మరిచిపోయిందేమో అనుకున్నాను. నాలుగు నిమిషాలకు పైగా అలాగే వేసింది. చివరకు చెయ్యి ఆపి, చీరలకేసి మెల్లగా అడిగింది.

"అయిందా, అన్నా?"

గదిలో ఎవరూ లేరు. లేని మనిషిని ఎందుకు అడిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆమె దాన్ని రాజలింగానికి పంపింది. మర్నాడు సాయంత్రం అతను ఫోను చేశాడు. ఆమె ఇంకో పాట సాధన చేసుకుంటూ నాకు కరెంటు ఇచ్చి ఉంచింది కాబట్టి విన్నాను.

"అక్కా, ఈ పాట నీ పాటలన్నిట్ల మంచిది. తొడ చప్పుడు కొంచెం తగ్గించిన. ఎనుకకు నాలుగు నిమిషాలు ఉత్తగనే ఉన్నది, నువ్వు బందుచేసుడు మరిచినవు గావచ్చు. అది కోసేసి కాకకు పంపుత."

"కోసినావా?" ఆమె గొంతు మారింది. "రాజలింగం, కచేరీ యాడన్నా చూసినావా నువ్వు? పాట అయినాక మృదంగం ఒక్కటే వాయిస్తాది. అప్పుడు పాడేవాళ్ళు ఏం చేస్తారు?"

అవతల అతను కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వచ్చింది.

"తాళమేస్తరు" అన్నాడు.

"మరి? అది ఉత్తది కాదప్పా. అది ఆయన జాగా. ఆ చప్పుడు కూడా తగ్గించొద్దు. ఆయనకు నా గొంతు సగమే వినబడతాది. చెయ్యి వినబడతాది."

"తప్పయింది అక్కా" అన్నాడు రాజలింగం. మైకుల సంగతి ఇంత తెలిసినవాడు అంత చిన్నగా మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు. కోసింది మళ్ళీ అతికి, ఉన్నదున్నట్టుగా పంపాడు.

నేను నాలుగోసారి బస్సెక్కాను. దారిలో నాకు చెవి ఉండదు కాబట్టి ఎన్ని ఊళ్ళు దాటానో తెలియదు. చెవి వచ్చేసరికి సముద్రం ఉంది.

నూకరాజు ఆరోజు పొద్దున్నే మృదంగం ఎడమ మూతకు తడి రవ్వ మెత్తి సిద్ధం చేసుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని శబ్దం పెంచాడు. చాలలేదు. ఇంకా పెంచాడు. ఆఖరు మెట్టు దాకా పెంచాడు. అప్పుడు జరిగింది నా జీవితంలో నేను ఎదురుచూడనిది. ఆయన చెవుల మీద ఉన్న ఆ రెండు చిప్పల అంచుల్లోంచి పాట బయటికి కారింది. సన్నగా, తలుపు అవతలినుంచి వస్తున్నట్టుగా ధబ్బు ధబ్బుమని ఆమె చెయ్యి, గాజులు, ఆ గొంతు. నేను ఎక్కువ వింటానుగా, విన్నాను.

ఆయన తాళం రెండు చుట్లు తిరిగేదాకా వాయించలేదు, ఊరికే విన్నాడు. మూడోదానికి చెయ్యి వేశాడు. ఈసారి ఊహించుకోవలసిన పని లేదు. ఆమె మాట సాగదీసినచోట ఆగాడు, ఊపిరి తీసినచోట ఒక చిన్న దరువు పెట్టి ఆ ఖాళీ నింపాడు. పై స్థాయికి వెళ్ళినప్పుడు గొంతు ఆయనకు అందలేదని నాకు తెలుసు, ఎందుకంటే అక్కడ మృదంగం మరీ మెత్తబడి ఆమె చెయ్యిని పట్టుకుని నడిచింది. తొమ్మిది పాటల్లోనూ నేను విన్న మృదంగం వేరు. ఇది బరువున్న పల్లకీ.

పాట అయిపోయింది, చెయ్యి మిగిలింది. నూకరాజు ఒక్క క్షణం తడబడ్డాడు. ఆయనకు ఎవరూ ముందుగా చెప్పలేదు. తర్వాత అర్థమైంది. గొంతులోంచి "ఓహ్" అని చిన్న చప్పుడు వచ్చింది. ఆ నాలుగు నిమిషాలు ఆయన ఏం వాయించాడో చెప్పడానికి నాకు మాటలు చాలవు. దాసుగారి వెనక నేర్చుకున్నవన్నీ వచ్చాయి, మరిచిపోయాననుకున్నవి వచ్చాయి. ప్రొద్దుటూరులో పద్దెనిమిది రోజుల క్రితం ఎవరూ లేని గదిలో వేసిన తాళానికి, భీమిలిలో జవాబు దొరికింది. చివర ముమ్మారు ముక్తాయించి సరిగ్గా ఆమె ఆఖరి చేతిదెబ్బ మీద దిగాడు.

హెడ్‌ఫోన్లలోంచి ఆ ప్రశ్న కారింది. సన్నటి మాట, ఆయన చెవికి అందే మాట కాదు.

"అయిందా, అన్నా?"

నూకరాజు మృదంగం మీదనుంచి చెయ్యి తీసి తన తొడమీద పెట్టుకున్నాడు.

"అయింది సెల్లమ్మా" అన్నాడు.

వినబడి అన్నాడో, చెయ్యి ఆగింది కాబట్టి అన్నాడో నాకు తెలియదు.

రాజలింగం దాన్ని రెండు రోజులు మళ్ళీ మళ్ళీ విన్నాడట. తర్వాత ఫోను చేసి, నూకరాజు భార్యతో చెప్పించాడు. మృదంగంలోకి పాట కారిందని, లెక్క ప్రకారం అది పెద్ద లోపమని, మళ్ళీ పట్టమని మాత్రం అడగనని, చివరి ఆ ప్రశ్నా జవాబూ కొయ్యలేదని. వయొలిన్ కూడా అక్కడక్కడా తప్ప వాయించలేదట. గుంపులో ఆ పాట పెట్టలేదు.

ఇప్పుడు నేను నూకరాజు ఇంట్లో ఉన్నాను. సముద్రపు చెమ్మ అంటకుండా బియ్యపు గింజల మూట పక్కన, అదే బిస్కెట్ల డబ్బాలో. ఆయనకు ఇప్పుడు లావు చప్పుళ్ళు కూడా చాలావరకు పోయాయి. వారానికొకసారి నన్ను తీసి కరెంటు ఇచ్చి ఎదురుగా కూర్చుంటాడు. మృదంగం ముట్టుకోడు. తొడమీద చేత్తో నాలుగు నిమిషాలు తాళం వేస్తాడు. దాన్ని ప్రొద్దుటూరు పంపుతాడు. అక్కడ ఆమె దాని మీద ఏం పాడుతుందో నాకు వినబడదు.